కాలు కింద పెట్టని రాజు

అనగనగా ఏటిగడ్డ అనే రాజ్యంలో కాలు కింద పెట్టని రాజొకడు ఉండేవాడు. పేరు మకరంద భూపాలుడు. పడగ్గదిలోంచి భోజనాల సావడికి పల్లకీ. సావడిలోంచి కొలువుకి పల్లకీ. కొలువులో సింహాసనం మీద కూలబడ్డాడంటే మళ్ళీ లేచేది పొద్దుగూకాకే.

నడిచేవాడు నౌకరు, కూచునేవాడు ప్రభువు అని ఆయన నమ్మకం. దేవుడు కూడా గుళ్ళో ఉన్నచోటే ఉంటాడు, జనమే చుట్టూ తిరుగుతారు అని కొలువులో తరచూ చెప్పేవాడు. అందరూ చేతులు జోడించి ఆహా అనేవాళ్ళు. విదూషకుడు కొమ్మన్న మాత్రం ఒకసారి, నిజమే ప్రభూ, పుణ్యం మాత్రం తిరిగినవాళ్ళకే వస్తోంది అన్నాడు. రాజు మూతి ముడుచుకున్నాడు.

కూచుని కూచుని రాజుగారి మోకాళ్ళు బూరెల్లా పొంగాయి. రెండు మాటలాడితే మూడోదానికి ఆయాసం. ఆకలి లేదు, అయినా వేళకి తినేవాడు. నిద్ర లేదు, అయినా వేళకి పడుకునేవాడు. రోజూ కాస్త నడవండి ప్రభూ అన్న పాపానికి పాత వైద్యుణ్ణి దేశం దాటించి, ఇకమీదట నన్ను నడవమన్నవాడికి ఈ నేల మీద చోటు లేదని చాటింపు వేయించాడు.

ఆ తరవాత వచ్చిన వైద్యుడు సర్వేశ్వర శాస్త్రి బతకనేర్చినవాడు. నాడి పట్టుకోవడం ఆలస్యం, ప్రభువులు పొద్దున్నించీ కూచుని అలిసిపోయారు, కాస్త విశ్రాంతి కావాలి అనేవాడు.

ఇలా ఉండగా దసరా దగ్గరపడింది. ఆ రాజ్యంలో విజయదశమినాడు రాజు తనంతట తాను గుర్రమెక్కి పొలిమేరలో ఉన్న జమ్మిచెట్టు దాకా వెళ్ళాలి. కోట నుంచి వెంట వచ్చిన పాలెగాళ్ళంతా అక్కడ జోహారు చేస్తారు. కిందటేడు నిచ్చెన వేసి, కింద నుంచి నలుగురు నెట్టి ఎక్కించారు. ఎక్కాక గుర్రం కదలనని మొరాయించింది. పాలెగాళ్ళు మీసాల చాటున నవ్వుకుని వెళ్ళిపోయారు.

ఈసారి వాళ్ళు ముందే కబురంపారు. గుర్రం ఎక్కలేని రాజుకి తల వంచం, ఎక్కగలవాణ్ణి మాలోంచే చూసుకుంటాం అని.

రాజుకి గుండెల్లో రాయి పడింది. సింహాసనం పోయేలా ఉంది, ఏదన్నా చెప్పండయ్యా అని కొలువుని అడిగాడు. గొయ్యి తవ్వి గుర్రాన్ని అందులో నిలబెడదాం అన్నాడు సేనాపతి. గుర్రాన్నే పల్లకీలో పెట్టి మోయిస్తే ఎలా ఉంటుందని మంత్రి ఆలోచన. శాస్త్రి మాత్రం, పండగ దాకా ప్రభువులు మంచం దిగకపోతే ఆ బలమంతా ఆనాటికి పనికొస్తుందన్నాడు.

కొమ్మన్న లేచి నిలబడి, దసరానాటికి నిచ్చెన లేకుండా ప్రభువుల చేత గుర్రం ఎక్కిస్తానన్నాడు.

"ఎలా? నడవమంటావా?" అన్నాడు రాజు.

"ఆ మాట నా నోట రాదు ప్రభూ."

"వస్తే?"

"పొలిమేర ఎటుందో నాకు తెలుసు. మీరు ఎవర్నీ తోడు పంపక్కర్లేదు."

సరే కానిమ్మన్నాడు రాజు.

ఏటిగడ్డ రాజవంశంలో ఒక ఆచారం ఉంది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు వెళ్ళేటప్పుడు రాజు వాళ్ళ పక్కనే కాలినడకన సాగనంపాలి. ఇక ఉండు నాయనా అని వాళ్ళనేదాకా వెనక్కి తిరక్కూడదు. పూర్వం ఒక రాజు కూచున్నచోటు నుంచే చెయ్యూపి గురువుగారిని పంపేస్తే, వరసగా వానలు ఎగ్గొట్టాయట. అప్పట్నించీ ఆ మాట దాటిన రాజు లేడు. మకరంద భూపాలుడికి దీనివల్ల కష్టమేమీ రాలేదు. ఆయన సింహాసనం మీద చేతులానించి లేవబోతుండగానే వచ్చినవాళ్ళు కంగారుగా, ఉండండి ప్రభూ ఉండండి అనేసేవాళ్ళు.

కొమ్మన్నకి కావలసింది ఆ మాట అనని మనిషి. రాజ్యం మొత్తానికి అలాంటి మనిషి ఒక్కతే. రాజుగారి మేనత్త చెల్లాయమ్మ. ఊరి ఆ చివర, ఏటి ఒడ్డున పాత మేడలో ఉండేది. ఆవిడకి మాట మొదలెట్టడమే గాని ఆపడం తెలీదు. వెళ్ళొస్తానని లేచాక, గుమ్మం దగ్గర అసలు కబుర్లు మొదలుపెట్టే రకం. పైగా పల్లకీ ఎక్కితే కడుపులో తిప్పుతుందని ఎక్కడికైనా నడిచే వెళ్ళేది.

కొమ్మన్న ఆవిడ దగ్గరికి పోయి, మీ మేనల్లుడు వాళ్ళ తాతగారి సంగతులు వినాలని మొహం వాచిపోయి ఉన్నారమ్మా, మీరు తప్ప చెప్పేదెవరు అన్నాడు. ఆవిడ కళ్ళొత్తుకుంది. మర్నాడే గోంగూర పచ్చడి గిన్నెతో కోటలో దిగింది.

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక వెళ్ళొస్తానంటూ లేచింది. ఆచారం కదా అని రాజు సింహాసనం మీద చేతులానించాడు. ఆవిడ ఉండమనలేదు. మెల్లిగా లేచాడు. ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి, "మీ తాత మారువేషంలో పొరుగు కోటకి పోయాడురా. ఎందుకో తెలుసా?" అంటోంది.

తెలీదు. తెలుసుకోవాలంటే పక్కన నడవాలి.

కోట వాకిలి దాటేసరికి రాజుకి ఊపిరాడలేదు. బోయీలు పల్లకీతో పరిగెత్తుకొచ్చారు. కొమ్మన్న వాళ్ళని ఆపి, ఆచారం అన్నాడు. రాజు ఒకసారి ఆకాశం వంక చూసి, ఎదురుగా ఉన్న ఇంటి అరుగు మీద చతికిలబడ్డాడు. చెల్లాయమ్మా పక్కనే కూచుని కబుర్లు కానిచ్చింది. లేచి నాలుగడుగులు, మళ్ళీ ఇంకో అరుగు. వీధివీధంతా తలుపుల సందుల్లోంచి చూసింది. పాత మేడ చేరేసరికి పొద్దువాలింది.

"తాడు పట్టుకుని కోటగోడ మీదికి ఎగబాకాడు. సరిగ్గా అప్పుడే కింద కావలివాడు తల పైకెత్తాడు. సరే, ఇల్లొచ్చేసింది, ఇక ఉండు నాయనా. మిగతాది రేపు."

రాజు పల్లకీలో వెనక్కొస్తూ దారంతా కొమ్మన్నని తిట్టాడు. ఆ రాత్రి మాత్రం ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. పొద్దున్నే కొమ్మన్నని పిలిచి కోపంగా అడిగాడు.

"కావలివాడు చూశాడా, లేదా?"

"నాకేం తెలుసు ప్రభూ. అత్తగారినే అడగాలి."

రోజూ ఇదే వరస. తాతగారు కోటలో దూకారు, రాకుమారి గది అనుకుని వంటశాలలో దూరారు, పట్టుబడి పిండి రుబ్బారు. కథ ముందుకు పోతున్నకొద్దీ అరుగులు తగ్గుతూ వచ్చాయి. వెనక్కి వచ్చేటప్పుడు పల్లకీ ఊపుకి కథ మర్చిపోతున్నానని రాజు పల్లకీనే మానేశాడు. మోకాళ్ళ వాపు తీసింది. ఒకరోజు వేళ కాకముందే అన్నం పెట్టమన్నాడు. శాస్త్రి నాడి చూసి, ఆకలి వేస్తోందా, ఇదేదో కొత్త జబ్బు అని భయపడ్డాడు. ఓ రోజు ముసురు పట్టి అత్తగారు రాకపోతే, రాజే గొడుగు పట్టించుకుని, బురదలో నడుచుకుంటూ ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

విజయదశమి వచ్చింది. కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. పాలెగాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఒకడైతే నిచ్చెనేదయ్యా అని వినపడేలానే అన్నాడు. రాజు రికాబులో కాలు పెట్టి, జూలు పట్టుకుని, ఒక్క ఊపున జీను మీద కూచున్నాడు. గుర్రం సకిలించి కదిలింది. ఊరు ఊరంతా హోరెత్తింది. జమ్మిచెట్టు కింద మొదట తల వంచింది ఆ నిచ్చెన అడిగినవాడే.

తిరిగి కొలువు తీరాక శాస్త్రి కడుపుమంట ఆపుకోలేకపోయాడు. ఈ కొమ్మన్న మాయచేసి ప్రభువుల్ని నడిపించాడు, చాటింపు ప్రకారం దేశం దాటించాల్సిందే అన్నాడు. రాజుకి జరిగిందంతా అప్పుడు అర్థమైంది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం కొమ్మన్నా? ఏమంటావు?"

"నేను నడవమనలేదు ప్రభూ. అత్తగారు ఆగమనలేదు. అంతే."

"అయితే తప్పు ఆవిడదే," అన్నాడు శాస్త్రి తెగించి. "ఆవిడనే పంపించండి."

కొమ్మన్న వెంటనే ఒప్పుకున్నాడు. "తప్పకుండా పంపండి ప్రభూ. కాకపోతే ఆచారం ప్రకారం పొలిమేర దాకా మీరే నడిచి సాగనంపాలి. కథ అప్పటికీ అవుతుందన్న నమ్మకం లేదు."

రాజుకి నవ్వాగలేదు. సింహాసనం చేతులు చరుస్తూ, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంత నవ్వినా ఆయాసం రాలేదని ఆయనకే తెలిసి మరీ నవ్వాడు. శాస్త్రి కూడా నవ్వక తప్పలేదు. పాత వైద్యుణ్ణి వెనక్కి పిలిపించమని, చాటింపు రద్దని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది.

తరవాత రాజు బంగారు గండపెండేరం తెప్పించి, సింహాసనం దిగి, కొలువంతా చూస్తుండగా తనే గొంతుక్కూచుని కొమ్మన్న కాలికి తొడగబోయాడు. కొమ్మన్న కాలు వెనక్కి తీసుకుని, ఇది న్యాయంగా అత్తగారి కాలికి ఉండాలి ప్రభూ అన్నాడు.

పండగ చూడ్డానికి వచ్చి కొలువులోనే కూచున్న చెల్లాయమ్మ దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి, తిరిగిచ్చేసింది.

"నాకొద్దురా. ఇది తగిలించుకుని నేను నడవలేను. వాడికే వెయ్యి."