తలకిందులైన మహారాజు

వెనకటికి, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, మబ్బుల అంచున ఒక చిన్న బడి ఉండేది. అక్కడ శివనంది గురువుగారు పిల్లలకు వెలుగు నడకలు నేర్పేవారు. పుస్తకాలు లేవు. కళ్లారా చూడాలి, చూసింది పలక మీద గీయాలి. అంతే.

మేకలు కాసే ఇంటి నుంచి వచ్చిన కేతకికి ఆ బడంటే ప్రాణం.

మొదటి రోజు గురువుగారు నీళ్ల గిన్నెలో పుల్ల ముంచారు. అందరూ తిన్నని పుల్లను గీశారు. కేతకి విరిగిన పుల్లను గీసింది.

"నీళ్లు పుల్లను విరుస్తాయా, పిచ్చిమొహమా?" అని పిల్లలు పకపకా నవ్వారు.

రెండో రోజు అద్దం ముందు కుడిచెయ్యి ఎత్తమన్నారు. కేతకి పలకలో మాత్రం అద్దంలోని పిల్ల ఎడమచెయ్యి ఎత్తింది. మళ్లీ నవ్వులే. గురువుగారు ఆ పలకను తేరిపార చూశారు.

మూడో రోజు ధవళకీర్తి మహారాజు మంత్రితో కలిసి బడి చూడవచ్చాడు. గురువుగారు ఆయన్ను తలుపు ఎదుట ఎండలో నిలబెట్టి, పిల్లలను గదిలో కూర్చోబెట్టి తలుపు మూశారు. లోపలంతా చీకటి. తలుపుకు కందిగింజంత చిల్లు.

కాసేపటికి ఎదుటి గోడ మీద, కలలోలాగా, రంగులు తేలాయి. నేల పైన, ఆకాశం కింద. మబ్బులు గోడ అడుగున ఏరులా సాగుతున్నాయి. మధ్యలో మహారాజు, కాళ్లు పైకి, కిరీటం కిందికి! ఎంత అందంగా ఉందో! కేతకి రెప్ప వేయడం మరిచిపోయింది.

"అలా గీస్తే మన తలలుంటాయా?" అని గుసగుసలాడుకుని, మిగతావాళ్లు రాజుగారిని నిక్షేపంగా నిలబెట్టి గీశారు. కేతకి మాత్రం చూసిందే గీసింది.

ఆ పలక చూసి మహారాజు మండిపడ్డాడు. "నన్నే తలకిందులు చేస్తుందా! ఈ పిల్లను ఇప్పుడే ఇంటికి పంపేయండి!"

కేతకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొమ్మంటే పోతాను ప్రభూ. ఒక్కసారి లోపలికొచ్చి చూడండి. మీ కిరీటం మీది వెలుగు చిల్లులోంచి తిన్నగా దిగి గోడ కిందికి పోతోంది. మీ పాదాల దగ్గరి వెలుగు తిన్నగా ఎక్కి పైకి పోతోంది. మీరు రాజుగారని దానికి తెలియదు కదా!"

మంత్రిని ఎండలో నిలబెట్టి రాజు గదిలోకి వెళ్లాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఆయన గొంతు మెత్తబడింది.

"ఇందరు చూశారు. చెప్పింది ఈ పిల్ల ఒక్కతే. నా కొలువులోనూ ఇంతేనేమో! తల్లీ, నువ్వు ఈ బడి వదలకూడదు."

గురువుగారు అప్పుడు నవ్వారు. మిగతా పిల్లలు మెల్లగా తమ పలకలు తుడుచుకున్నారు.

కాబట్టి పిల్లలూ, ఎదుట ఎంతటివారున్నా సరే, కళ్లు చూసిన నిజాన్ని భయపడి మార్చకూడదు.