తొక్కుడు బిళ్ళ గడుల్లో అక్షరాలు

"గెంతితే చదువొస్తుందా మాస్టారూ?"

హిమబిందు ఈ మాట గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా అడిగింది. ఎంత విసిగి వచ్చిందో తెలుసుకోవడానికి ఆ ఒక్కటీ చాలు. కోదండపాణి మాస్టారి ఇంటి గడప దగ్గర చెప్పులతో నిలబడే పిల్ల కాదు ఆమె.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చీరాల చుట్టుపక్కల బళ్ళలో డ్రిల్లు మాస్టారు. తోటి పంతుళ్ళు ఆయన పీరియడును ఖాళీ పీరియడు కిందే జమకట్టేవారు. అక్షరం ముక్క అంటని పిల్లల్ని మాత్రం తెలివిగా ఆయన మీదికే తోసేవారు, కాసేపు పీడా విరగడవుతుందని. ఆయన ఆ పిల్లల్ని గీత మీద నడిపించేవారు, బెంచీల కింద పాకించేవారు, చెమ్మచెక్క ఆడించేవారు, గుడ్డబంతి ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టించేవారు. రిటైరయ్యాక కూడా అదే పని. దాన్ని నేర్చుకోవడానికి హిమబిందు లాంటి కుర్ర టీచర్లు ఇంటికి వచ్చేవారు. గెంతితే చదువొస్తుందని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. అన్నది ఊరు. ఆయన గెంతించి, పలకా బలపం పిల్లల పక్కన పెట్టి, తన మానాన తాను మిరపకాయలో చింతపండో చూసుకునేవారు, అంతే.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి హిమబిందుకు బాగా తెలుసు. తెలిసీ అడిగిందంటే ప్రాణం విసిగిందన్నమాటే.

"రాదు కదా? నాకు తెలుసు రాదని" అని తానే జవాబు కూడా చెప్పుకుని, చెప్పులు విప్పి వచ్చి అరుగు మీద కూలబడింది. "మా బళ్ళో చందన అని ఉంది చూడండి, మూడో తరగతి. 'వ'కీ 'మ'కీ తేడా తెలియదు. నిన్న చెప్పింది ఇవాళ ఉండదు. నడకా అంతే, చదును నేల మీద కూడా పడుతుందని వాళ్ళమ్మే అంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నా బతుకు. వాళ్ళమ్మ నాగేంద్రమ్మేమో మగ్గం నేస్తుంది. ఆవిడ చెల్లెలికి పర్చూరులో కానుపైంది. చదువు అబ్బని పిల్ల బళ్ళో ఎందుకు, బిడ్డను ఎత్తుకోవడానికి పంపేస్తానంది. నేను ఊరుకోవచ్చు కదా? శ్రీరామనవమి నాటికి మీ అమ్మాయి చేత పేరు రాయిస్తాను చూడండి అన్నాను. నవమి వచ్చే వారమే మాస్టారూ. రాయకపోతే పిల్లను తీసుకుపోతుంది. ఒకసారి వెళ్ళిందా, ఇక బడి మొహం చూడదు."

మాస్టారు ఇంకో మిరపకాయ తీసుకున్నారు.

"మీరు చెప్పినట్టే రోజూ ఆడించాను. తొక్కుడు బిళ్ళ ఒకటీ కొంచెం ఇష్టంగా ఆడేది. పడుతూ లేస్తూ మూడు నాలుగు గడుల దాకా వెళ్ళేది. ఉన్నది నాలుగు రోజులు కదా, రెండు పనులూ ఒక్కసారే అవుతాయని గడికో అక్షరం రాశాను. గెంతు, గెంతిన గడిలో అక్షరం చెప్పు, తర్వాతి గడికి వెళ్ళు. మా హెడ్మాస్టరు గారు ఎంతో మెచ్చుకుని ఫోటో కూడా తీయించారు. చందన మాత్రం మొదటి గడిలోనే ఆగిపోతోంది. ఒంటికాలి మీద నిలబడి ఆ అక్షరం వంక ఒకసారీ నా వంక ఒకసారీ చూసి, రెండో కాలు దించేస్తుంది. కళ్ళెదురుగా ఉంది కదే, చూసి చెప్పడానికేం అంటే, నిన్న నాకే ఎదురు చెప్పింది. 'ముందు పడకుండా ఉండనివ్వండి టీచర్' అంటుంది. చూశారా దాని మాటకారితనం? అక్షరం రాదు కానీ జవాబులు వచ్చు."

మాస్టారు మిరపకాయలు సంచిలోకి ఎత్తి, మూతి బిగించి కట్టారు.

"స్కూటీ కొన్నావట?"

"కొన్నాను." హిమబిందుకు ఒళ్ళు మండింది. తాను ఏం అడుగుతోంది, ఈయన ఏం అడుగుతున్నారు?

"వచ్చిందా తోలడం?"

"వస్తోంది. బడికీ ఇంటికీ, అదీ నెమ్మదిగా."

"గడియార స్తంభం దాటాక ఎవరో కొత్తగా పిండిమర పెట్టారట. ఈ కారం ఆడించాలి. నన్ను దింపు."

"నేనింకా వెనక మనిషిని ఎక్కించుకోలేదు మాస్టారూ."

"నేనూ ఎండుమిరపకాయంతే ఉంటాను, పద" అంటూ ఆయన అప్పటికే గుమ్మం దిగారు.

అలా బయలుదేరింది ఆ సవారీ. మాస్టారు వెనక ఒక పక్కకు కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకున్నారు. ఆ కాస్త బరువుకే బండి ముందు చక్రం ఎటు తిరగాలో తెలియనట్టు ఊగింది. హిమబిందు రెండు కాళ్ళూ నేలకు రాస్తూ వీధి మలుపు తిప్పి, ఎలాగో బజారులో పడింది. ఒక పక్క చెరుకురసం బండి, ఇంకో పక్క హారన్ ఆపని ఆటో, ఎదురుగా ఎవరితోనూ సంబంధం లేనట్టు నడిచొస్తున్న గేదె. హ్యాండిలు బిగించి పట్టుకున్న పట్టుకు ఆమె భుజాలు లాగేస్తున్నాయి.

"అమ్మాయ్, ఆ ఎర్ర బోర్డు మీద ఏముంది?" అన్నారు వెనక నుంచి మాస్టారు.

"ఏ బోర్డండీ?"

"దాటిపోయింది. పిండిమర బోర్డు చూసి చెప్పాలి నువ్వు, నేను కళ్ళజోడు తేలేదు. సరే, ఇదిగో, ఈ పసుపుపచ్చది?"

హిమబిందు గేదెను తప్పించే పనిలో ఉంది. తప్పించాక చూస్తే పసుపుపచ్చది కూడా వెనకబడింది.

"చదవలేదా?"

"లేదు మాస్టారూ."

"కళ్ళెదురుగా ఉంది కదమ్మా, చూసి చెప్పడానికేం?"

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది కానీ, ఎక్కడో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. ఆటోవాడు పక్క నుంచి రాసుకుంటూ పోయాడు.

"రోజూ ఇదే బజారులో తిరుగుతావు, రోజూ చూసే బోర్డులే. బీఈడీ చదివినదానివి, తెలుగు బోర్డు చదవలేవా? ధ్యాస పెట్టాలమ్మా. ధ్యాస ఉంటే ఎందుకు రాదు? అదిగో, ఆ నీలం బోర్డు. మొదటి అక్షరం చెప్పు చాలు, మిగతాది నేను చెబుతాను."

చెరుకురసం బండి దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వడం ఆమెకు వినపడింది. చెమట కళ్ళల్లోకి దిగుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి వదలడానికి లేదు. గడియార స్తంభం దగ్గర మలుపు తిరుగుతుంటే బండి ఒక పక్కకు ఒరిగింది. సరిగ్గా అప్పుడే మాస్టారు, "పచ్చ బోర్డు, పచ్చ బోర్డు, ఏముంది దాని మీద?" అన్నారు.

"ముందు పడకుండా ఉండనివ్వండి మాస్టారూ."

అరిచింది. పెద్దాయన అన్న సంగతి కూడా మరిచి అరిచింది. ఆ తర్వాత యాక్సిలరేటరు మీద చెయ్యి దానంతట అదే సడలింది, బండి రోడ్డు వారకు వెళ్ళి ఆగింది. హిమబిందు రెండు కాళ్ళూ నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. తన నోట్లో నుంచి వచ్చిన మాట తన చెవికే వినపడుతోంది, అక్షరం పొల్లుపోకుండా.

మాస్టారు దిగారు. చొక్కా జేబులో నుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వెనక్కి తిరిగి చూశారు.

"పిండిమర దాటేశాం. నడిచిపోతాలే" అని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

హిమబిందుకు ముందు వచ్చింది కోపమే. ఇంత వయసొచ్చి ఇదేం సరదా, పడితే ఇద్దరి కాళ్ళూ విరిగేవి కదా అని తిట్టుకుంది. కళ్ళజోడు జేబులో పెట్టుకుని లేదన్నందుకు ఇంకా తిట్టుకుంది. ఆ తిట్లన్నీ అయిపోయాక మిగిలింది సిగ్గు. మొదటి గడిలో ఒంటికాలి మీద వణుకుతూ తన వంక చూసిన పిల్ల మొహం గుర్తుకొచ్చింది. అది ఎదురు చెప్పలేదు. తన చేతనైనంత మర్యాదగా ఉన్న సంగతి చెప్పుకుంది. బండి ఎక్కడానికి ధైర్యం చాలక, ఇంటిదాకా తోసుకుంటూ పోయింది.

మర్నాడు బడికి పోతూనే తడిగుడ్డతో గడుల్లోని అక్షరాలన్నీ తుడిచేసింది. ఫోటో పైకి కూడా పంపించామే అని హెడ్మాస్టరు గారు నసిగారు. పంపితే పంపారు లెండి అంది, తుడుస్తూనే. చందన వచ్చి ఒక్కొక్క గడీ వంగి వంగి చూసింది, ఎక్కడైనా అక్షరం దాక్కుని ఉందేమోనని. లేదని నమ్మకం కుదిరాక బిళ్ళ వేసింది. ఆట అయ్యాక హిమబిందు పలక పిల్ల పక్కన పెట్టి మొహం అటు తిప్పుకుంది. పిల్ల పలక ముట్టలేదు. రెండో రోజూ ముట్టలేదు. ఒక్కసారి తీసి చూడవే అనడానికి హిమబిందు నోరు ఎంత దురద పెట్టిందో ఆమెకే తెలుసు. నవమి ముంచుకొస్తోంది, తానేమో కిటికీలో కాకుల్ని చూస్తూ కూర్చుంటోంది. మాస్టారి లాంటి గురువు తనకు దొరకడం ఏ జన్మ పాపమో అనుకుంది.

నవమి ముందు రోజు నాగేంద్రమ్మ వచ్చింది, చేతిలో పిల్ల బట్టల సంచితో.

"పేరు రాసుద్దా టీచరమ్మా?"

"రాయదు."

"పోనీ, చదువుద్దా?"

"చదవదు. తప్పు నాదే. ఒంటికాలి మీద నిలబెట్టి చదవమన్నాను. ఇప్పుడు మానేశాను. కొన్నాళ్ళు ఉంచండి."

"ఉంచితే ఏం చేయిత్తారు?"

"ఆడిస్తాను."

నాగేంద్రమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఆటలాడటానికి బడెందుకమ్మా, మా ఇంటి ముందు వీధి లేదా? బస్సు టైమవుద్ది, పిలవండి దాన్ని."

హిమబిందు తన దగ్గర మిగిలి ఉన్న ఒక్క మాటా అనేసింది. "బిందె చేతికిస్తే ఇంటికి చేర్చదని మొన్న మీరే అన్నారు. చదును నేల మీద పడిపోతుందన్నారు. దాని చేతికి పచ్చి బాలింత బిడ్డను ఇస్తారా?"

నాగేంద్రమ్మ సంచి చంకన పెట్టుకుంది. పిల్లను తానే పిలుద్దామని బయటికి తిరిగింది. చందన ఆఖరి గడిలో ఒంటికాలి మీద ఉంది. వంగింది. రెండో కాలు నేలకు తగలకుండా బిళ్ళ తీసుకుని, లేచి, వచ్చిన దారినే గెంతుకుంటూ వెనక్కి వచ్చింది. ఎవరూ చూడటం లేదనుకుంటోంది. తల్లి పిలుపు నోట్లోనే ఉండిపోయింది.

"ఇదెప్పట్నించి?" అంది.

"మొన్నటి నుంచే."

"ఎండాకాలం సెలవుల దాకా చూత్తా. ఆ తర్వాత నన్నేమీ అనబాకండి." బట్టల సంచి చంకలోనే పెట్టుకుని వెళ్ళిపోయింది.

నవమి పోయింది. ఎండలు ముదిరి ఒంటిపూట బళ్ళు పెట్టారు. సెలవులు దగ్గర పడుతున్నకొద్దీ హిమబిందుకు అన్నం సయించడం మానేసింది. ఒకరోజు ఆట మధ్యలో చందన రెండో గడిలో చతికిలబడి, ఖాళీ నేల మీద వేలు పెట్టింది.

"ఇక్కడేదో రాసేవాళ్ళు కదా టీచర్. అదేంటి?"

హిమబిందు సుద్దముక్క తీసుకుని నేల మీద పెద్దగా 'వ' రాసింది. పిల్ల దాని మీద వేలితో తిప్పింది, తర్వాత మోకాళ్ళ మీద లేచి చెయ్యంతా తిప్పింది, తర్వాత దాన్ని వదిలేసి మళ్ళీ గెంతడానికి పోయింది. ఒక్క అక్షరం. దానికే హిమబిందు లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

మూడో నాడు పొద్దున్నే నాగేంద్రమ్మ విసురుగా వచ్చింది.

"ఏం పెట్టారమ్మా దీనికి? వంట చేసుకోనివ్వదు, మగ్గం మీద కూర్చోనివ్వదు. ఉప్పు పొట్లం చూపిచ్చి ఇదేం అక్షరం, కిరసనాయిలు డబ్బా చూపిచ్చి ఇదేం అక్షరం. నాకొస్తేగా చెప్పడానికి? నా ప్రాణం తోడేత్తంది. మీరే పడండి దీంతో. సెలవులయ్యాక కూడా పంపుతా, మా చెల్లెలి బిడ్డను మా అమ్మే చూసుకుంటదిలే."

బడి విడవగానే హిమబిందు తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. అరుగు మీద పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, "అప్పుడే మాట రూపంలో చెప్పి ఉంటే పోయేది కదా మాస్టారూ? నడిబజారులో నన్ను నవ్వులపాలు చేశారు" అని కూడా అంది.

ఆయన పసుపు కొమ్ములు సంచిలోకి ఎత్తుతూ, "బండి తెచ్చావా?" అన్నారు.

తెచ్చింది. మాస్టారు వెనక కూర్చున్నారు. ఈసారి బండి ఊగలేదు. బజారు ఎప్పటిలాగే ఉంది, ఆటోలూ గేదెలూ దేనికీ కొరత లేదు. హిమబిందు దారి పొడవునా చందన గురించే మాట్లాడుతోంది, 'మ' కూడా పట్టుకుందనీ, 'చ' మాత్రం వంకరగా రాస్తోందనీ. గడియార స్తంభం దగ్గర మలుపు తిప్పింది.

"ఇదిగో మాస్టారూ, వచ్చేశాం. ఈ పచ్చ బోర్డే. 'ఇచ్చట పిండి, కారం, పసుపు ఆడించబడును.'"

మాస్టారు సంచితో సహా దిగారు.

"నేను అడగలేదే అమ్మాయ్" అన్నారు.