తేనెటీగ పోయిన దారి

రెండు వందల పన్నెండు ఇంగ్లీషు క్రియలు. వర్తమాన కాలంలో నేను, నువ్వు, అతను, ఆమె, మేము, వాళ్లు అంటూ ఒక్కోదానికి ఆరు వాక్యాలు. మొత్తం వెయ్యిన్నీ రెండు వందల డెబ్బై రెండు. తిరుమలేశు దగ్గర అప్పటికున్న లెక్క అది. నిద్రలో లేపి అడిగినా అన్నీ గడగడా అప్పజెప్పగలడు. సొంతంగా ట్యూషన్ పెట్టాలని పద్దెనిమిది మందిని చేర్చుకున్నాడు కూడా. కానీ తనకు ఇంగ్లీషు నేర్పిన ఆదెయ్య మాస్టారు ఊఁ అనకపోతే ఆ ఊళ్లో ఒక్కరూ రారు.

"మాస్టారూ, నేనింక పాఠం మొదలుపెట్టొచ్చా?" అని అడిగాడు.

మాస్టారికి ప్రశ్న అడగ్గానే జవాబిచ్చే అలవాటు లేదు. ఆయన పాఠంలో నియమం ఒక్కటే: నిజం కాని వాక్యం నోట రాకూడదు. మర్నాడు పొద్దున్నే అతణ్నీ, అతని ట్యూషన్‌లో అందరికన్నా ముందు పేరిచ్చిన షరీఫానూ వెంటబెట్టుకుని నల్లమల అంచున వాగు దగ్గరికి నడిచాడు. తేనె తీసే చెంచు పెద్దాయన లింగన్న అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు. నీళ్లు తాగిన ఈగ ఎటు పోతే తేనెపట్టు అటే. ఆ దారి పట్టుకోవడం ఆయన పని.

"'సీ' చెప్పు," అన్నాడు మాస్టారు.

"ఐ సీ, యూ సీ, హీ సీజ్, షీ సీజ్, వీ సీ, దే సీ." నాలుగు సెకన్లు పట్టింది.

"ఇప్పుడు నిజమైనవి మాత్రం చెప్పు."

ఒక ఈగ లేచింది. లింగన్న చూపు దాని వెంటే కొండ కొమ్ము దాకా పోయింది. తిరుమలేశుకు రెండు బారల అవతల ఏమీ కనపడలేదు. "హీ సీజ్," అన్నాడు లింగన్నను చూస్తూ. అది నిజమే. "ఐ" అని ఆగిపోయాడు. ఇరవై ఏడు ఈగలు వచ్చిపోయాయి. ఆ లెక్క మాత్రం తప్పలేదు.

"ఎన్ని తాగినయ్యో లెక్కేస్తన్నావా, ఎటు పోయినయ్యో చూస్తన్నావా?" అని నవ్వాడు లింగన్న. "నిలబడి చూస్తే చెట్లలో కలిసిపోద్ది అబ్బాయా. నేలకానుకుని ఆకాశం మీద చూడు."

తిరుమలేశు తడి ఇసుకకు చెంప ఆనించాడు. ఈగ లేచింది. రెండు చుట్లు తిరిగింది. వెలుతురులో చిన్న నల్ల చుక్కై, గీత గీసినట్టు కొండ వైపు సాగింది. దాని వెనకే ఇంకొకటి, ఆ పైన మరొకటి, అన్నీ ఆ గీత మీదే. ఎదురు వచ్చేవీ అందులోనే వస్తున్నాయి. పొద్దుట్నుంచీ తన నెత్తి మీద ఇంత పెద్ద బాట నడుస్తూనే ఉంది. 

"ఐ సీ," అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

తరువాతి వాక్యం, 'యూ సీ', నాలుక చివరికొచ్చి ఆగింది. పొద్దున్నే వాగు దాటి వెళ్లిన షరీఫా అవతలి ఒడ్డున కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నాకేం కనపడట్లా అన్నా," అంది.

తిరుమలేశు లేచాడు. ఆమెకు చూపించడానికి అటు దాటబోతూ ప్యాంటు మడిచి, ఒక కాలు ఎత్తాడు.

"ఊఁ, మెల్లగా పో," అన్నాడు మాస్టారు. "నీళ్లు కలబెడితే ఈగలు రావు."