జీతమడిగిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. పాపం, ఈ కథ మొదలయ్యేసరికే ఆ రాజు పోయాడు, రాజ్యాన్ని దాయాదులు మింగేశారు. మిగిలింది రాణి, ముగ్గురు కొడుకులు. పూట గడవక పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి, ధూమకేశుడనే మాంత్రికుడి కొలువుకి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. "నా బిడ్డల్ని తెచ్చిపెట్టు నాయనా" అని తల్లి ఏడిస్తే చిన్నవాడు సుకేతుడు బయల్దేరాడు.

మాంత్రికుడి గుమ్మానికి అటొకటి, ఇటొకటి రాతి స్తంభాలు. వాటిమీద అన్నల ముఖాలు! సుకేతుడు భోరుమన్నాడు. అక్కడే పంజరంలో ఒక చిలక నీరసంగా పడి ఉంది. అంత ఏడుపులోనూ దానిమీద జాలేసి జామపండు ముక్క పెడితే తింది.

"మీ అన్నలు చెడింది ఒక్క మాటవల్ల," అంది చిలక. "జీతమేం కావాలంటే, నోరు తెరిచి అడగడం నామోషీ అనుకుని 'తమ చిత్తం' అన్నారు. వాడి చిత్తం ఇదిగో, ఇదీ! నువ్వు గట్టిగా అడుగు. వాడి ప్రాణం నాలో ఉంది. ఎవరి చేతి మేతా ముట్టనిదాన్ని, నీ చేతిది తిన్నాను. నిన్ను వదులుకోడు."

ధూమకేశుడు వచ్చి, చిలక వాడి చేతి పండు తినడం చూసి మురిసిపోయాడు. "చిలకని సాకే కొలువు నీదేరా అబ్బీ. జీతమేం కావాలి?"

నాలిక చివరిదాకా వచ్చిన "చిత్తం"ని సుకేతుడు మింగేశాడు. "మా అన్నలు కావాలి."

"బండెడు బంగారమిస్తా."

"చాలదు."

"రాజ్యమిస్తా."

"చాలదు."

"సరే, ఒక అన్ననిస్తా."

సుకేతుడు ఏ అన్నని వదిలేస్తాడు? "చాలదు. ఇద్దరూ కావాలి."

మాంత్రికుడు పళ్లు కొరికి మంత్రజలం చల్లాడు. అన్నలు లేచొచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

"జీతం ముట్టింది. ఇక చిలక బతికినన్నాళ్లూ నువ్విక్కడే," అన్నాడు ధూమకేశుడు. "గడప దాటావో, వీళ్లు మళ్లీ రాళ్లే."

"ఎన్నాళ్లో చెప్పలేదు కదయ్యా!"

"నువ్వడగలేదు కదరా!"

"నిన్ను వదిలి కదలం" అన్నారు అన్నలు. "అమ్మ ఎదురుచూస్తుంటుంది, వెళ్లండి" అని సుకేతుడే బతిమాలి పంపాడు. వాళ్లు వెనక్కి చూసుకుంటూ, ఏడుస్తూ వెళ్లారు.

"గడువు అడగమని చెప్పలేకపోయాను నాయనా," అని చిలక ఏడ్చింది. "పంజరంలోనే పుట్టినదాన్ని. గడువనేది ఒకటుంటుందని నాకేం తెలుసు? నా పీక నులిమెయ్యి. వాడూ పోతాడు, నువ్వూ వెళ్లిపోవచ్చు."

సుకేతుడు పంజరంలో చెయ్యి పెట్టాడు. చిలక కళ్లు మూసుకుని మెడ అందించింది. ఆ మెడ వెచ్చగా ఉంది. వేళ్లు బిగించబోయాడు, బిగియలేదు.

అన్నలు రాజ్యం గెలుచుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, కలకాలం చల్లగా ఏలారు. అందరిళ్లలో కథ అక్కడ ఆగుతుంది. నేను చెప్పే కథలో మాత్రం, ఏడు సముద్రాలకవతల సుకేతుడు తలనెరిసి, చిలకకి మేత పెడుతున్నాడు. అది తనకంటే ముందు పోకూడదని రోజూ దండం పెట్టుకుంటున్నాడు.