ఏటిప్రోలు నూరేళ్ళ పటం

ఏ రాజ్యమని అడగకండి. ఆ రాజ్యం ఇప్పుడు లేదు, ఏరు మాత్రం ఉంది. ఆ ఏటి ఒడ్డున ఏటిప్రోలు అనే ఊరు రాజధానిగా భోగభూపతి అనే రాజు పాలిస్తూ ఉండేవాడు.

రాజు చెడ్డవాడు కాదు. కాని తాను చేసే పని అంతకుముందు ఎవరూ చేసి ఉండకూడదు, ఆ తర్వాత ఎవరూ చెయ్యలేకపోవాలి. గుమ్మానికి తోరణం కట్టించినా అది భూలోకంలో మొదటి తోరణం కావాలి. కొలువులో ఉన్నవాళ్ళు ఈ సంగతి కనిపెట్టి, ఆయన ఏం చెప్పినా ముందు ఆశ్చర్యపోయి, తర్వాత వినడం అలవాటు చేసుకున్నారు.

ఆయన హయాంలో సుంకాలు తగ్గాయి. తగ్గడంతో పత్తి వర్తకులు వచ్చారు. వాళ్ళ వెంట గానుగలవాళ్ళు, నేతగాళ్ళు, అద్దకం పనివాళ్ళు వచ్చారు. చూస్తూండగానే ఊరు కోట దిగి, పెద్దవీధులు దాటి, ఏటి పక్క పల్లం దాకా పాకింది. ఆ పల్లంలో అద్దకంవాళ్ళు వాడ కట్టుకున్నారు.

పైన కురిసిన వానంతా ఆ వాడలోకే దిగేది. ఏటికీ వాడకీ మధ్య వరదకట్ట ఉంది గనక నీరు నేరుగా ఏట్లోకి పోలేదు. ఒకప్పుడు పక్కనున్న వాగు పట్టుకుని పోయేది. ఊరు పెరిగాక ఆ వాగు పూడ్చి దాని మీద రాజుగారి ఏనుగులశాల కట్టారు. అప్పటినుంచి నీటికి దారి లేదు. వానలు మొదలైతే వాడంతా మోకాటిలోతు నీళ్ళు. నీళ్ళ తర్వాత జ్వరాలు.

ఒక కాలువ తవ్వించమని వాడవాళ్ళు విన్నవించుకున్నారు. రాజు విని చెయ్యెత్తాడు.

"ఇవాళ ఒక కాలువ, రేపు ఒక సందు, ఎల్లుండి ఒక బావి. ఇలా చేస్తే ఊరు అతుకులబొంత అవుతుంది. నూరేళ్ళకు సరిపడా ఒకే పటం గీయిద్దాం. ఎప్పుడు ఏది కట్టాలో అంతా అందులో ఉండాలి. అది పూర్తయ్యేదాకా ఊళ్ళో ఎవరూ కొత్తగా గోడ లేపకూడదు, గుంట తవ్వకూడదు."

పటం గీయడానికి విరూపాక్షశాస్త్రులు అనే వాస్తుపండితుణ్ణి పిలిపించారు. ఆయన నెమ్మదస్తుడు, పనిలో గట్టివాడు. గుడ్డ పరిచి గీయడం మొదలుపెట్టాడు. గీస్తూ ఉండగా ఊరు పెరిగింది. చెరిపి మళ్ళీ గీశాడు. రంగులు వేస్తూ ఉండగా ఇంకా పెరిగింది. గుడ్డకు ఇంకో గుడ్డ కలిపి కుట్టించారు. ఏళ్ళు గడిచాయి.

ఆ కొలువులో రాయసం తిప్పన అని ఒకడు ఉండేవాడు. రాజుగారి పేర ఉత్తరాలు రాయడం అతని ఉద్యోగం. చమత్కారంగా మాట్లాడతాడని పేరు. ఆ పేరు అతనికి భారమైపోయింది. అతను దగ్గితే కూడా సభలో నవ్వేవాళ్ళు. ఇంటికి వెళ్ళాక నోరు విప్పేవాడు కాదు.

పటం మొదలైన దగ్గర్నుంచి తిప్పన రాసే ఉత్తరం ఒక్కటే. బావి కూలిందన్నవాడికీ, గోడ ఒరిగిందన్నవాడికీ, సందు మూసుకుపోయిందన్నవాడికీ అదే జవాబు: తమ విన్నపం మహాపటంలో చేరింది, నిశ్చింతగా ఉండండి. మొదట్లో చూసి రాసేవాడు. తర్వాత చూడకుండా రాసేవాడు. చివరకు చెయ్యి దానంతట అదే రాసేది.

ఒకనాడు అద్దకంవాడ నుంచి అచ్చమ్మ అనే ముసలామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. చేతులు మోచేతుల దాకా నీలిరంగు పట్టి ఉన్నాయి.

"అయ్యా, మీరు రాసిన కాయితం మా వాడలో చదివించుకున్నాం," అంది. "నిశ్చింతగా ఉండమన్నారు. ఎలా ఉండాలో అడుగుదామని వచ్చాను."

తిప్పన కలం పక్కన పెట్టాడు.

"పోయిన వానల్లో తల్లిలేని నా పసి మనవరాలికి జ్వరం వచ్చింది. మళ్ళీ లేవలేదు. దాని తండ్రి, మా అబ్బాయి సూరప్ప చూసి చూసి, వాడే గునపం పట్టుకుని కాలువ కొట్టబోయాడు. గుంట తవ్వాడని చెరలో వేశారు. అప్పుడు కూతురు పోయింది, ఇప్పుడు తండ్రి చెరలో ఉన్నాడు, మళ్ళీ మబ్బు పడుతోంది. ఏం చెయ్యమంటారు?"

తిప్పనకు చమత్కారం తోచలేదు. "చూస్తానమ్మా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు, తన ఉత్తరానికీ ఈ మాటకీ తేడా ఏముందని అతనికే అనిపించింది.

అచ్చమ్మ కోపగించుకోలేదు. తలూపి వెళ్ళిపోయింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

వానలు మొదలైన కొద్ది రోజులకు పటం పూర్తయిందని చాటించారు. సభామండపంలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దాన్ని వేలాడదీశారు. చూడటానికి నిజంగా బాగుంది. మొదటి పదేళ్ళలో విజయతోరణం. తర్వాత రాజుగారి నిలువెత్తు విగ్రహం, దానికొక మండపం. ఆపైన నాట్యశాల. ముప్పయ్యో ఏట వీధుల వెడల్పు. అరవయ్యో ఏట, అద్దకంవాడ ఉన్నచోట తామరసరస్సు, దాని నడుమ పాలరాతి మంటపం. వాడవాళ్ళను అప్పుడు మెరకకు మారుస్తారట. ఎలాగూ అక్కడ నీళ్ళు నిలుస్తాయి గనక సరస్సుకు తవ్వకం ఖర్చు కూడా లేదని రాజుగారే కనిపెట్టి గీయించారు.

సభ ఆశ్చర్యపోయింది. రాజు మీసం సవరించుకున్నాడు.

"ఇందులో లోపం చూపగలిగినవాడికి అడిగింది ఇస్తాను. చూపుతానని వచ్చి చూపలేకపోయాడా, దేశం విడిచి పోవాలి. ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ కదల్లేదు. తిప్పన మెల్లగా లేచాడు. సభలో అప్పుడే కొందరు నవ్వడం మొదలుపెట్టారు.

"లోపం చూడటానికి నా కళ్ళు చాలవు ప్రభూ," అన్నాడు తిప్పన. "పటం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, ఇంత పెద్దది. ఉన్నదాన్ని ఉన్నచోట నిలబడి చూస్తే నాలాంటివాడికి అర్థమవుతుందేమో. ఏలినవారు తామరసరస్సు దాకా ఒక్కసారి దయచేస్తే, శాస్త్రులవారు అక్కడ పటం విప్పి చెబుతారు. ప్రజలు కూడా వింటారు."

తన సరస్సు పేరెత్తగానే రాజు ముఖం వికసించింది.

శాస్త్రులు సందేహిస్తూ అన్నాడు: "ఇది వానాకాలం ప్రభూ."

"సరస్సుకు వానాకాలమే శోభ," అన్నాడు రాజు. "రేపే బయల్దేరుదాం."

తిప్పన ఇంటికి వెళ్ళి, రెండు పంచెలు మూటకట్టి ఉంచమని భార్యకు చెప్పాడు. ఎక్కడికని ఆమె అడిగింది. ఇంకా తెలియదన్నాడు. ఆమె అతని ముఖం చూసి, మూడో పంచె కూడా పెట్టింది.

మర్నాడు పల్లకీ బయల్దేరింది. ముందు డప్పులు, వెనక పటం చుట్టను నెత్తిన పెట్టుకుని శాస్త్రుల శిష్యులు, పక్కన గొడుగు పట్టుకుని తిప్పన. పెద్దవీధుల దాకా బాగానే సాగింది. దిగుడు మొదలయ్యాక బోయీల చీలమండలు తడిశాయి. ఇంకొంత దూరం పోయేసరికి మోకాళ్ళు తడిశాయి. డప్పులవాళ్ళు డప్పులు నెత్తికెత్తుకున్నారు, చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడిదాకా వచ్చాం?" తెర వెనక నుంచి రాజు అడిగాడు.

"సరస్సు ఒడ్డుకు వచ్చాం ప్రభూ."

కాసేపటికి రాజు మళ్ళీ అడిగాడు. "ఇప్పుడో?"

"నడుమకు వచ్చాం."

రాజు తెర తీశాడు. రెండు వరసల మట్టి ఇళ్ళ మధ్య, ఇరుకు సందులో, నల్లటి నీళ్ళ మీద తాను తేలుతున్నట్టు ఉన్నాడు. ఇళ్ళ గుమ్మాల్లో మనుషులు నీళ్ళలోనే నిలబడి దణ్ణం పెడుతున్నారు. వాసన గుప్పున కొట్టింది.

"ఏమిటిది?"

"తామరసరస్సు ప్రభూ. తామరలు ఇంకా రాలేదు."

రాజు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. "పల్లకీ వెనక్కి తిప్పండి."

బోయీలు తిప్పబోయారు. పల్లకీ కొమ్ము ఈ గోడకు తగిలింది. ఇటు తిప్పితే ఆ గోడకు తగిలింది.

"తిరగదు ప్రభూ," అన్నాడు తిప్పన. "ఈ సందు వెడల్పు చేసేది ముప్పయ్యో ఏట."

అంతలో వాన అందుకుంది. ముందున్న బోయీ కాలు బురదలో దిగబడి పల్లకీ ఒరిగింది. రాజు రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు.

"అయితే దించండి. ఇక్కడే దిగుతాను."

బోయీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిప్పన అలసటగా గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"దిగడానికి చోటు అరవయ్యో ఏట వస్తుంది ప్రభూ. పాలరాతి మంటపం అప్పటికి గీశారు."

రాజు ముఖం ఎర్రబడింది. తల తీయించే ఆజ్ఞ నోటిదాకా వచ్చి ఉంటుంది. కాని మోకాటిలోతు నీళ్ళలో వణికే భుజాల మీద కూర్చుని ఆ ఆజ్ఞ ఇవ్వడం ఎవరికైనా కష్టమే.

పక్క ఇంటి గుమ్మంలోంచి అచ్చమ్మ పిలిచింది. "లోపలికి దయచెయ్యండి మహారాజా. మంచం మీద చోటుంది."

వేరే దారి లేదు. పల్లకీని ఆమె అరుగుకు ఆనించారు. అరుగు కూడా నీళ్ళలోనే ఉంది. రాజు చెప్పులతో సహా అందులో కాలు పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టిన నులకమంచం. దాని మీద బియ్యం కుండ, బట్టల మూట, ఒక పిల్లి. రంగుబాన బోర్లించి దాని మీద పొయ్యి పెట్టుకున్నారు. దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. అది ఖాళీగా ఉంది. అచ్చమ్మ మూట పక్కకు జరిపి, చీరకొంగుతో మంచం తుడిచింది. రాజు పిల్లి పక్కన కూర్చున్నాడు.

మంచం కింద నీరు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నాళ్ళుంటుంది ఈ నీరు?" అడిగాడు రాజు.

"దసరా వెళ్ళాక ఇంకుతుంది మహారాజా."

"అందాకా?"

"అందాకా మంచం మీద ఉంటాం. ముగ్గురం ఉండేవాళ్ళం. చోటు సరిపోయేది కాదు. ఇప్పుడు సరిపోతోంది."

"మీ అంతట మీరు ఒక కాలువ తవ్వుకుని ఉండకూడదా?"

"మా అబ్బాయి తవ్వాడు," అంది అచ్చమ్మ. "తమరి చెరలో ఉన్నాడు."

రాజు ఖాళీ ఉయ్యాల చూశాడు. ఆ ఉయ్యాల ఎవరిదని అడగబోయి, ఆగిపోయాడు.

కొంతసేపటికి గుమ్మంలో నిలబడ్డ తిప్పన వైపు తిరిగాడు. "నన్ను ఇక్కడికి తేవడానికి పన్నాగం పన్నావు."

"పన్నాగం పన్నే ఓపిక నాకెక్కడిది ప్రభూ. పటంలో సరస్సు చూశాను. విహారానికి అరవై ఏళ్ళు ఆగితే మనలో ఎవరమూ ఉండం. ఈలోగానే ఒకసారి చూసిపోతారని తీసుకొచ్చాను."

"మాటలు కట్టిపెట్టు. పందెం పందెమే. నా పటంలో లోపం ఉందా, లేదా?"

"లేదు ప్రభూ. నూరేళ్ళు ముందుకు చూడటం తప్పు కాదు, అలా చూసే రాజు దొరకడం అరుదు. నూరేళ్ళూ పటంలో ఉన్నాయి. ఈ ఏడు ఒక్కటే లేదు."

రాజు అతని వంక చూశాడు. తన కాళ్ళ వంక చూసుకున్నాడు. జలతారు చెప్పుల నిండా బురద ఉంది. ఒక చెప్పులోంచి చిన్న కప్ప బయటికి గెంతి మంచం కిందికి పోయింది. రాజు ముందు మూతి బిగించాడు, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఇల్లు అదిరేలా నవ్వాడు. పిల్లి లేచి మూట మీదికెక్కింది. కొలువులో నవ్వే నవ్వు కాదు అది. కొంచెం సిగ్గు కలిసిన నవ్వు.

"శాస్త్రులేడీ?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

శాస్త్రులు బయట వానలో, పంచె ఎగగట్టి, నీళ్ళ మీద ఒక ఎండుటాకు వేసి అది ఎటు పోతుందో వంగి చూస్తున్నాడు. నూరేళ్ళ ఊరు గీయమన్నారని కోట దిగకుండా గీసిన మనిషి. ఇన్నాళ్ళకు నేల వాలు కళ్ళారా చూసేసరికి వాన సంగతే మరిచిపోయాడు.

"ప్రభూ, నీరంతా ఏనుగులశాల వైపే మొగ్గుతోంది," అన్నాడు. "పాత వాగు దారి తెరిస్తే చాలు. కాని ఏనుగులు..."

"ఏనుగులకు కాళ్ళున్నాయి. అవి జరుగుతాయి," అన్నాడు రాజు. "ఈ కాలువ పటంలో మొదట రాయి. తోరణం తర్వాత చూద్దాం."

తర్వాత తిప్పనను అడిగాడు. "గెలిచావు. ఏం కావాలో కోరుకో."

"సూరప్పను విడిపించాలి ప్రభూ. తవ్వుకునేవాళ్ళను తవ్వుకోనివ్వాలి."

"అది నేను ఎలాగూ చేసేదే. నీ కోసం అడుగు."

తిప్పన నిజమే చెప్పాడు. "విశ్రాంతి కావాలి ప్రభూ."

రాజుకు మళ్ళీ నవ్వు వచ్చింది. "అది పటంలో లేదు," అని మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. "ఇవాళ్టి నుంచి ఈ ఊరి పనులన్నిటికీ నువ్వే అధికారివి. ప్రతి ఏడూ ఆ ఏటి పని ఏమిటో నాకు చెప్పాలి. చెప్పకపోతే నీ ఇంటి ముందే సరస్సు తవ్విస్తాను."

తిప్పన హారం వంక చూసి, నిట్టూర్చి, దణ్ణం పెట్టాడు.

సూరప్ప ఆ సాయంత్రమే ఇల్లు చేరాడు. మర్నాడు కాలువ పనికి అందరికంటే ముందు గునపంతో వచ్చినవాడు అతనే. మట్టి తీస్తూ ఎవరితోనూ మాట్లాడలేదు. అతని పక్కన పనిచేసేవాళ్ళు కూడా మాట్లాడించలేదు. ఏనుగులు కొత్తచోట కొన్నాళ్ళు ఘీంకరించి సర్దుకున్నాయి. కాలువ పడిందని తెలిసి ఊళ్ళో తక్కిన వాడలవాళ్ళంతా తిప్పన ఇంటికి వరస కట్టారు. ఇప్పుడు ఒకే జవాబు రాసి పంపితే సరిపోదు గనక, అతను ఒక్కొక్కరి వెంట వెళ్ళి ఒక్కొక్క చోటు చూడవలసి వచ్చేది.

మరుసటి వానాకాలంలో మొదటి పెద్దవాన కురిసిన రోజున తిప్పన కాలువ గట్టున గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడైనా గట్టు తెగుతుందేమో, ఎక్కడైనా చెత్త అడ్డం పడుతుందేమో అని చూస్తున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నా కదల్లేదు. ఎర్రనీరు, ఎండాకులు, ఎవరిదో విరిగిన చాట, అన్నీ వరసగా పాత వాగు దారిన సాగిపోతున్నాయి.

అచ్చమ్మ ఇంటి అరుగు పొడిగా ఉంది. ఆమె ఆ అరుగు మీద కూర్చుని అతన్ని కాసేపు చూసింది.

"ఇంటికి పోయి పడుకోండయ్యా," అంది. "నీరు దానంతట అది పోతుంది."