పొగాకు బ్యారన్‌లో మౌనం

ఫిలేమోనుకు ప్రార్థన రావడం లేదు.

ఆ చుట్టుపక్కల అంతకన్నా నిశ్శబ్దమైన చోటు లేదు. ఆ చోటు తనే తయారు చేశాడు. అయినా కళ్లు మూసుకుంటే చాలు, లోపల ఊరేగింపు బయల్దేరుతుంది. జెండాలు, మైకులు, పైకి లేచిన పిడికిళ్లు. యూనివర్సిటీలో తను ఇచ్చిన నినాదాలన్నీ వరసగా వస్తాయి. దేవుడొక్కడే రాడు.

చదువు సగంలో వదిలేసి కందుకూరు వైపున్న ఆ మెట్ట పల్లెకు వచ్చాడతను. అక్కడ కెజియమ్మ ఉంది. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపిస్తూ, రోగుల మంచాల పక్కన కూర్చుంటూ ముసలిదైపోయిన మనిషి.

"నాకు ప్రార్థన నేర్పండి అమ్మగారూ" అన్నాడు.

ఆమె చీపురు చేతికిచ్చి పాత బ్యారన్ చూపించింది.

పచ్చి పొగాకును పొయ్యి వేడికి ఆరబెట్టే గది అది. రెండు మేడల ఎత్తు, మందమైన గోడలు, వంగి లోపలికి పోవాల్సిన ఒకే ఒక్క తలుపు. దాని పొయ్యిని మేపీ మేపీ చుట్టూ ఉన్న చెట్లన్నీ అయిపోయాక, ఆసామి వేరేచోట కొత్తది కట్టుకుని దీన్ని ప్రార్థనకు వదిలేశాడు. పనికిరానిది వదిలేయడాన్ని కూడా దానమనే అంటారు మన ఊళ్లల్లో.

ఫిలేమోను గోడల మసి గీకాడు. సున్నం వేశాడు. చాపలు పరిచాడు. ఎదురుగోడకు చెక్క సిలువ తగిలించాడు. ఎంత కడిగినా ఆకు వాసన మాత్రం పోలేదు. తలుపు మూస్తే బయటి లోకం మాయమయ్యేది. అంత మౌనం అతనెప్పుడూ వినలేదు.

శుక్రవారం వచ్చింది. ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్లు వచ్చారు. మిగతా రోజుల్లో పగలంతా కర్రలకు పొగాకు కట్టే కూలీలు. చెంగులు తలమీదికి లాక్కుని, వాళ్ల అలవాటు ప్రకారం, అందరూ ఒక్కసారే గొంతెత్తారు. ఎవరి మొర వాళ్లది.

ఫిలేమోను లేచి బయటికి నడిచాడు. ఆ తర్వాతి శుక్రవారాల్లోనూ అంతే, అరుపు మొదలవగానే లేచిపోయేవాడు. చివరికి తలుపు మీద పలక తగిలించాడు: 'ఇక్కడ మౌనంగా మాత్రమే ప్రార్థించాలి.'

"దేవుడికి చెవుడు లేదు కదా అత్తా" అన్నాడు, అందరికన్నా గట్టిగా అరిచే సువార్తమ్మతో.

"మేస్త్రీకీ చెవుడు లేదులే అబ్బయ్యా. నెమ్మదిగా చెబితే ఏనాడన్నా వినపడిందా?"

పక్కనున్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ఫిలేమోను నవ్వలేదు. పలకా తియ్యలేదు.

అప్పట్నుంచీ వాళ్లు వాకిట్లో, ఎండలో కూర్చుని ప్రార్థించుకునేవారు. కెజియమ్మ అతన్ని ఒక్కమాట అనలేదు. తనూ వెళ్లి ఆ ఎండలోనే కూర్చునేది.

ఒక శుక్రవారం పొద్దెక్కాక ఫిలేమోను సంచి భుజాన వేసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతున్నా అమ్మగారూ."

"ఏమైంది నాయనా?"

"నిశ్శబ్దం ఉంది. అందులో ఏమీ లేదు. ఇక ప్రార్థన జోలికి రాను. ఈ జన్మకు చాలు."

"ఆ గదిలో ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్నే."

"అంత గదిలోనా!" అంది కెజియమ్మ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "సరే. పోయేవాడివి ఎట్లాగూ పోతావు. వచ్చి ఒకసారి సిలువకు చెప్పి పో."

అతను లోపలికి వెళ్లాడు. వెనకాలే ఆమె గొంతు వినిపించింది.

"రండే అమ్మా, ఎండలో మాడింది చాలు. లోపలికి రండి."

ఆడవాళ్లు జంకుతూ, అతనికేసి చూడకుండా వచ్చి చాపల మీద సర్దుకున్నారు. అందరి తర్వాత కెజియమ్మ పీట ఈడ్చుకొచ్చి, గడప దగ్గర వేసుకుని, తలుపుకు అడ్డంగా కాళ్లు చాపి కూర్చుంది.

"కొంచెం జరగండి అమ్మగారూ, నేను వెళ్లాలి."

"మోకాళ్లు పట్టేసినయ్ నాయనా. దాటిపో."

పెద్దమనిషి కాళ్లు దాటిపోవడం! ఆచారాలన్నీ బద్దలు కొట్టాలని సభల్లో చెప్పినవాడే. పాదం లేవలేదు.

మొదట సణుగుళ్లు. తర్వాత సువార్తమ్మ తల పైకెత్తింది.

"తండ్రీ!"

ఆ ఎత్తైన గది ఆ కేకను పైదాకా తీసుకెళ్లి తిరిగి కిందికి వదిలింది. ఇక కట్ట తెగింది.

"నా బిడ్డకు ఊపిరాడటంల్యా దేవా!"

"రోజూ తాగొచ్చి కొడతాండు, చూస్తానే ఉండావా?"

"నిన్నే అడుగుతుండా. పలకవేందయ్యా?"

ఫిలేమోను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మాటలు దూరాయి. ఈ బాధలన్నీ అతనికి తెలిసినవే. వేదికలెక్కి వాళ్ల తరఫున ఎన్నోసార్లు చెప్పాడు. 'గొంతులేనివాళ్ల గొంతుక మేమే' అని అరిస్తే చప్పట్లు మోగేవి. ఇక్కడ చప్పట్లు లేవు. గొంతులున్నాయి.

చేతులు చెవుల మీంచి జారిపోయాయి.

ఎంతసేపు గడిచిందో. ఒక గొంతు ఆగింది. తర్వాత ఇంకొకటి. సువార్తమ్మ కేక ఏడుపయింది, ఏడుపు మూలుగయింది, మూలుగు ఊపిరయింది. ఆ ఊపిరీ నెమ్మదించింది.

ఎవరూ ఆమెన్ అనలేదు.

అతను ఏనాడూ ఇంతదాకా ఆగలేదు.

అప్పుడు వచ్చింది మౌనం. తను సున్నం వేసి, తలుపు మూసి తెచ్చుకున్నది కాదు. పైనుంచి దిగినట్టు వచ్చింది. పైకప్పు సందుల్లోంచి, ఒకప్పుడు ఆకు వేలాడదీసిన అడ్డకర్రల మధ్యగా దిగిన ఎండ చారల్లో దుమ్ము సైతం నిలబడిపోయింది. తడిసిన ముఖాలు. తెరిచిన అరచేతులు, ఆకు జిగురు నల్లగా పట్టిన అరచేతులు. పాలు తాగుతున్న పసిబిడ్డ రొమ్ము వదిలి పైకి చూసింది. ఆ చూపు వెంట ఫిలేమోనూ చూశాడు.

ఏమీ కనపడలేదు. కానీ ఒళ్లంతా గగుర్పొడిచింది. సభలోకి ఎవరో గొప్పవారు అడుగుపెడితే లేచి నిలబడతామే, అలా నిలబడాలనిపించింది. మోకాళ్లు మాత్రం వంగాయి. భుజం మీది సంచి జారి చాప మీద పడింది.

లోపలి ఊరేగింపు ఆగి ఉంది. ఎవరో ఎదురొచ్చి చెయ్యెత్తినట్టు.

దూరాన రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

కెజియమ్మ ద్వారబంధం పట్టుకుని మెల్లగా లేచింది. పీట పక్కకు జరిపింది.

"దారి వదిలాను నాయనా" అంది, అతనికి మాత్రమే వినపడేలా.

ఫిలేమోను వెనక్కి తిరగలేదు.