తుంగమ్మ గీసిన నెల

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఏరు. ఏటి ఒడ్డున ఏరుమద్ది చెట్టు వేళ్ల కింద ఒక బొరియ. అందులో ఒక నీటికుక్కల కుటుంబం కాపురముండేది.

తండ్రి పేరు ఏరయ్య. చేప ఎక్కడున్నా వాసన పట్టేస్తాడు. తల్లి పేరు తుంగమ్మ. ఏరయ్య తల్లి గవ్వమ్మకి నడుము పట్టేసి చాలా కాలమైంది. పెద్ద కొడుకు జెల్లకి ఎండ్రకాయలంటే ప్రాణం. అందరికంటే చిన్నది పరిగి. అది అప్పుడప్పుడే బొరియ దాటి తొంగిచూస్తోంది.

ఆ ఇంట్లో ఒక మాట రోజూ వినబడేది. "అమ్మకి గుర్తుంటుందిలే."

ఏటి కుటుంబాలన్నీ వంతులవారీగా చేపలు పట్టే పెద్దమడుగులో తమ వంతు ఎప్పుడు వస్తుందో తుంగమ్మే గుర్తుంచుకోవాలి. అత్తగారి నడుముకి కట్టిన ఆకు ఎప్పుడు మార్చాలో తుంగమ్మే చూడాలి. ఏ రోజు ఎవరు బొరియకి కాపలా ఉండాలో తుంగమ్మే చెప్పాలి. మిగతావాళ్ల జ్ఞాపకశక్తి బాగానే ఉంది. దాన్ని వాడే అవసరమే వాళ్లకి రాలేదు. పిల్లలూ, ఈ మాట బాగా వినండి. ఒక్కరి తల మీద మిగతా అందరూ ఎక్కి కూర్చుంటే దాన్ని ఇల్లు అనరు, దర్బారు అంటారు.

ఒకసారి తుంగమ్మ పొరబడింది. చవితి నాటి వంతుని తదియ అని చెప్పింది. ఏరయ్య పెద్దమడుగుకి వెళ్లేసరికి అక్కడ వేరే కుటుంబం చేపలు పడుతోంది. మాటా మాటా పెరిగింది. ఏరయ్య చెవి చిరిగింది. ఇంటికొచ్చి తన పరువు ఏట్లో కలిసిందన్నాడు. ఈ కాలం కోడళ్లకి ధ్యాస ఎక్కడుంటుందో అని గవ్వమ్మ నిట్టూర్చింది. మరి ఇవాళ తిండి ఏదని జెల్ల అడిగాడు.

ఆమె మరిచింది ఒక్క రోజు. మరవని రోజుల గురించి ఆ ముగ్గురిలో ఒక్కరూ మాట్లాడలేదు.

తుంగమ్మ లేచింది. ఒడ్డుకి పోయి మెత్తటి బంకమట్టి తెచ్చింది. బొరియ లోపలి గోడకి నున్నగా మెత్తింది. నత్తగుల్ల తీసుకుని ఆ మట్టి మీద వరసగా ఒత్తింది. అంచు ఒత్తితే నెలవంక అయింది. సగం ఒత్తితే అష్టమి చంద్రుడు. మొత్తం ఒత్తితే పున్నమి. ఒక్కో చంద్రుడి కింద ఆ రోజు పనిని గోటితో గీసింది. చేప బొమ్మ అంటే వేట. కన్ను అంటే కాపలా. ఆకు అంటే అత్తగారి నడుం కట్టు.

లోకంలో తిరుగుబాట్లకి జెండాలు కావాలంటారు. తుంగమ్మకి నత్తగుల్ల చాలింది.

ఆమె అందరినీ పిలిచి చెప్పింది. "ఇంటి పనులన్నీ ఈ గోడ మీద ఉన్నాయి. ఎవరు ఏది చేస్తారో వాళ్లే దాని కింద గుర్తు పెట్టండి. ఒకరి గుర్తు ఇంకొకరు పెట్టకూడదు. ఇకనుంచి నా తల ఈ ఇంటికి అటక కాదు."

ఏరయ్య నవ్వాడు. "గోడ చూసుకుని బతకడానికి మనమేమన్నా మనుషులమా?"

జెల్ల తండ్రికంటే గట్టిగా నవ్వాడు. తుంగమ్మ నవ్వలేదు, గోడా చెరపలేదు.

అందరికంటే ముందు మారింది గవ్వమ్మ. ఆమె గోడ మీది ఆకుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ కట్టు మార్చమని అడగడానికి మొహమాటపడి నొప్పి ఓర్చుకునేదాన్నని మెల్లగా చెప్పింది. ఇప్పుడు అడిగే పని లేదు, ఆకు ఉన్న రోజున ఎవరో ఒకరు వస్తారు. ఆమె తోక కొసతో ఒక కన్ను కింద గుర్తు పెట్టింది. వేటకి వెళ్లలేకపోయినా కూర్చున్న చోటి నుంచి కాపలా కాయగలను కదా అంది. తనకీ ఒక పని ఉందని ఆమె మొహం వెలిగింది. ఆ గోడ ఎంత గొప్పదో అప్పుడే తెలిసింది. అది పనిని పంచడంతో పాటు మర్యాదనీ పంచింది.

తర్వాత ఏరయ్య కూడా పంజా ఒత్తాడు. పెద్దమడుగు చేప ఉన్న ప్రతిచోటా ఒత్తాడు. ఎండ్రకాయలు దొరికే రోజుల కింద జెల్ల రెండు గోళ్లు గుచ్చాడు. గోడ నిండుతోంది. ఏ రోజు ఏమిటని ఎవరూ తుంగమ్మని అడగడం లేదు. తన ముద్ద తను తీరిగ్గా తినగలుగుతోంది.

కానీ ఒక బొమ్మ కింద మాత్రం ఏ గుర్తూ పడలేదు. అది అలల మీద చిన్న చేపపిల్ల. పరిగికి ఈత నేర్పడం.

నీటికుక్క పిల్లకి ఈత నేర్పాలా అని మీరు అనుకోవచ్చు. నేర్పాలి. పుట్టగానే దానికి ఈత రాదు, నీళ్లంటే భయపడుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరో ఒకరు నేర్పుతారని కూడా అందరికీ తెలుసు.

ఒక ఉదయం చీమలు గుడ్లు మోసుకుంటూ చెట్టెక్కడం తుంగమ్మ చూసింది. ఏటి పైన కొండల మీద మబ్బు నల్లగా ఉంది. వరద రాబోతోందని ఆమెకి అర్థమైంది. గోడ దగ్గరికి వచ్చి వేలు ఎత్తింది. ఎప్పటిలాగే తన గుర్తు తనే పెట్టేస్తే సరిపోతుంది. కానీ ఆ వారంలో కాపలా, కట్టు, వేట కింద అప్పటికే ఆమె వేలి గుర్తు ఉంది. అన్నీ ఒక్కతే మోస్తే ఏదో ఒకటి జారిపడుతుంది. జారేది ఈసారి బిడ్డ. ఆమె వేలు దించి అందరినీ పిలిచింది.

"ఈ బొమ్మ కింద చూడండి," అంది.

తలలో ఉన్న పని మరిచిపోతే ఎవరికీ కనబడదు. గోడ మీది ఖాళీ మాత్రం అందరి కళ్లలోనూ పడింది.

ఏరయ్య గొంతు సవరించుకున్నాడు. "నీటికుక్క పిల్లకి ఈత అదే వస్తుందిలే."

"నీకు రాలేదురా," అంది గవ్వమ్మ. "మెడ పట్టి నీళ్లలో దింపితే నన్ను కరిచావు. ఆ మచ్చ చూపించనా?"

జెల్ల కిసుక్కుమన్నాడు. ఏరయ్య నవ్వలేకపోయాడు. బయట మబ్బు చూశాడు, లోపల చిన్నదాన్ని చూశాడు. మర్నాడు పెద్దమడుగు వంతు ఉంది. అక్కడ ఒత్తిన తన పంజాని తనే చెరిపేశాడు. చేపపిల్ల కింద ఒత్తాడు. దాని పక్కన జెల్ల గోళ్లు గుచ్చాడు. గవ్వమ్మ తోక ఆనించింది.

మొదటి రోజు ఏరయ్య పరిగిని నీళ్లలోకి విసిరాడు. అది అరిచి, మునిగి, అతని వీపెక్కి దిగనంది. రెండో రోజు గవ్వమ్మ లోతు లేని చోట నీళ్లలో కూర్చుని దాన్ని తన పొట్ట మీద ఆడనిచ్చింది. కాళ్లు ఎలా ఆడించాలో అది ఆటలోనే నేర్చుకుంది. మూడో రోజు జెల్ల వంతు. జెల్ల ఎండ్రకాయల వెంట పోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి పరిగి గోడ ముందు కూర్చుని ఉంది.

"అన్నా, నీ గోళ్లు ఇక్కడున్నాయి. నువ్వెక్కడున్నావు?"

మాట నిలబెట్టడం గోడ పని కాదు పిల్లలూ, గుర్తు పెట్టినవాడి పని. జెల్ల మర్నాడు తన ఎండ్రకాయల గుర్తు చెరిపి చెల్లెల్ని నీళ్లలోకి తీసుకెళ్లాడు. ఆ మర్నాడూ తీసుకెళ్లాడు. నీళ్ల సుడిలో చిక్కితే ఎదురీదకుండా పక్కకి ఎలా జారిపోవాలో చూపించాడు. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు గోడ చూశారు, వంతు తప్పలేదు.

ఏకాదశి నాటి మధ్యాహ్నం ఏరు పొంగింది.

ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా బొరియలోకి వచ్చాయి. గవ్వమ్మకి ఆ నడుముతో ఈదడం చేతకాదు. ఏరయ్య ఒకవైపు, తుంగమ్మ ఒకవైపు ఆమెని పట్టుకుని బయటికి లాగారు. జెల్ల ముందు ఈదుతూ అవతలి ఒడ్డుకి దారి వెతికాడు. పరిగిని మోయడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.

"మా వెనకే రా తల్లీ," అంది తుంగమ్మ. అంతకంటే ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

పరిగి ముక్కు పైకెత్తి ఈదింది. నడిమధ్యలో సుడి దాన్ని లాగేసింది. తల మునిగింది. తుంగమ్మ వెనక్కి చూసింది. ఎర్రనీళ్లు తప్ప ఏమీ లేదు. అంతలో కాస్త దిగువన చిన్న ముక్కు పైకి లేచింది. అది ఎదురీదలేదు. పక్కకి జారింది. దగ్గుతూ, ఉమ్ముతూ, కాళ్లాడిస్తూ వాళ్లకంటే ముందే అవతలి ఒడ్డు చేరింది.

వరదకి పాత బొరియ కరిగిపోయింది. మట్టి చంద్రులూ కరిగిపోయారు. ఎత్తయిన చోట కొత్త బొరియ తవ్వాక తుంగమ్మ ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఆమెని లేపి ఏది ఎక్కడని ఎవరూ అడగలేదు.

ఆమె లేచేసరికి గోడకి తడిమట్టి మెత్తి ఉంది. చంద్రులు కొంచెం వంకరగా పడ్డారు. ఏరయ్య పంజా వేట కింద ఉంది, కాపలా కింద ఉంది, ఆకు కింద కూడా ఉంది.

"నాకేం మిగిల్చారు?" అంది తుంగమ్మ.

"నీ గుర్తు మేం పెట్టకూడదు కదా," అన్నాడు ఏరయ్య. "ఇవాళ్టికి మాత్రం పనులన్నీ అయిపోయాయి."

తుంగమ్మ ఒడ్డుకి నడిచింది. ఏరు తేటపడుతోంది. నీళ్లలోకి దిగుతుంటే వెనక నుంచి పరిగి అడిగింది, చేపల కోసమా అని.

"కాదు," అంది తుంగమ్మ. "ఊరికే."

నీతి: ఇంటి పని ఒక్కరి తలలో దాగితే బరువు, అందరి కళ్ల ముందు ఉంటే బాధ్యత, గుర్తు పెట్టిన చెయ్యి పనిలో కూడా కనబడాలి.